కూరకుండ మీద గద్దలు

ఆ పల్లె చర్చిలో కోతపండుగనాడు వండేది ఆడవాళ్లు, ముందు తినేది మగవాళ్లు. కిందటేడు ఆడవాళ్లకు పులుసే మిగిలింది. ఈసారి కరుణమ్మ పక్కన, నెలలు నిండిన కోడలు పొద్దుటినుంచీ పస్తుతో పొయ్యి ఊదింది.

ప్రసంగంలో పాదిరీగారు అన్నారు: "వేటపక్షికి హెబ్రీలో 'అయిత్' అని పేరు. రెక్కల్ని బట్టి కాదు, చేష్టను బట్టి. అరుస్తూ వచ్చి పరుల మాంసం మీద పడుతుంది. బలిమాంసం మీద వాలితే అబ్రాహాము దాన్ని తోలేశాడు. నోరున్న ఆడవాళ్లదీ ఆ జాతే!"

ప్రార్థన కాగానే మగవాళ్లు "ముక్కలెయ్యండే!" అని అరుస్తూ కూరకుండ మీద పడ్డారు, ముందుగా పాదిరీగారే. ఒళ్లు మండిన కరుణమ్మ గరిటె ఝళిపించింది.

"హుష్! హుష్!"

"ఎవర్ని తోలుతున్నావే?" అన్నారాయన.

"రెక్కలు చూడొద్దన్నారుగా అయ్యగారూ! కోళ్లు పెంచింది మేం, వండింది మేం. అరుచుకుంటూ వచ్చి వాలిందెవరు?"

కోడలి విస్తట్లో మొదటి గరిటె పడింది. గద్దలు బుద్ధిగా వరసలో కూర్చున్నాయి.