కారుకి పురుడు

భూలోకానికి ఆ చలికాలం ఒకటే దిగులు. ఎలుకలు.

పేరు భూలోకం, ఉండేది నేరేడుకొండ మీది ఆశ్రమంలో. అన్నీ వదిలేసి కొండెక్కి పదకొండేళ్ళయినా, పేరు మాత్రం వదల్లేదు. దానితోపాటు ఇంకొకటి కూడా వదల్లేదు. ఆశ్రమం కారు తాళంచెవి. దాన్ని మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు. స్నానానికి కూడా తీసేవాడు కాదు.

అతని గురువు గొంగళి స్వామి. ఎండైనా వానైనా ఆయనకి ఆ ఒక్క గొంగళే. కార్తీకమాసం వెళ్ళిందగ్గర్నుంచి మాఘ పున్నమి దాకా ఆయన కొండ దిగరు. ఆయన దిగకపోతే పాత తెల్లకారూ దిగదు. రెండున్నర నెలలు షెడ్డులోనే ఉంటుంది. సరిగ్గా అదే సమయానికి కింద చోడి చేలు కోతలైపోతాయి. ఇల్లు పోగొట్టుకున్న చేలోని ఎలుకలు కొండెక్కుతాయి. వాటికీ ఆశ్రమమే గతి.

కిందటేడు మాఘ పున్నమినాడు స్వామి కారులో కూర్చున్నాక భూలోకం తాళం తిప్పితే, 'టిక్' అంది. అంతే. తీగలన్నీ ఎలుకలు కొరికేశాయి. స్వామి దిగి, గొంగళి సర్దుకుని, కింద ఊరిదాకా ఏడు మైళ్ళూ నడిచారు. ఒక్క మాటా అనలేదు. వెనకాల భూలోకం, చేతిలో తాళంచెవి.

మాట అన్నది గవరయ్య. ఆశ్రమం వ్యవహారాలు చూసేది ఆయనే.

"వచ్చే ఏడు కూడా బండి కదలకపోతే ఆ తాళంచెవి విప్పి ఇచ్చెయ్యి. మా బావమరిది ఖాళీగానే ఉన్నాడు."

ఆ బావమరిది పుట్టిందగ్గర్నుంచీ ఖాళీగానే ఉన్నాడని ఊరందరికీ తెలుసు. అయినా భూలోకం మొలతాడు తడుముకున్నాడు.

అందుకే ఈసారి కార్తీకం వెళ్ళగానే స్వామి దగ్గరికి పోయాడు.

"స్వామీ, ఎలుకలు రాకుండా కారులో ఏం పెట్టమంటారు?"

"నువ్వేం పెడదామనుకుంటున్నావు?" అన్నారు స్వామి.

అడిగినవాడికి ఆ మాత్రం చాలు. భూలోకం మొదలుపెట్టాడు.

ముందు కలరా ఉండలు పెట్టాడు. తర్వాత పొగాకు కాడలు. ఆ తర్వాత చక్రాలకి వేపనూనె రాశాడు. బానెట్టులో ఎక్కడ సందు కనిపిస్తే అక్కడ దూది కుక్కాడు. చలిగాలికి ఇంజను బిగుసుకుపోతుందేమోనని బానెట్టు మీద మూడు బొంతలు, సీట్ల మీద ఒకటి కప్పాడు. సాయంత్రం సాంబ్రాణి పొగ వేశాడు. స్టీరింగు ముందున్న చిట్టి వినాయకుడికి రోజూ అటుకులూ బెల్లమూ నైవేద్యం పెట్టి దండం పెట్టాడు.

"నీ వాహనాన్ని మా వాహనం జోలికి రానివ్వకు తండ్రీ."

తెల్లారేసరికి పళ్ళెం ఖాళీ. దేవుడు ఆరగించాడని భూలోకం కళ్ళు చెమర్చాయి. మర్నాటినుంచి ఇంకో గుప్పెడు ఎక్కువ పెట్టాడు.

ఇదంతా వంటశాల గుమ్మంలోంచి చూస్తోంది అప్పలనరసమ్మ. ఆశ్రమంలో వంట ఆవిడదే. వంట కంటే మాటలో కారం ఎక్కువ.

"ఏటి బాబూ, బాలింతక్కూడా ఇంత సెయ్యరు. కాయం ముద్ద ఒక్కటే తక్కువ."

"నవ్వు నరసమ్మా, నవ్వు. ఈసారి చీమ దూరితే అడుగు."

చీమ దూరలేదు. ఆ మాట నిజమే.

మధ్యలో ఒక పిల్లిని కూడా తెచ్చాడు. అది కారు చుట్టూ ఒకసారి తిరిగింది, బొంత చూసింది, పడుకుంది. మూడోరోజుకి పాలకి తప్ప లేవడం మానేసింది. దాన్ని కిందికి పంపేశాడు.

పుష్యమాసం వచ్చాక ఒక పొద్దున సీటు మీది బొంత దులిపితే నల్లజీలకర్ర రాలింది. నల్లజీలకర్ర కాదు. భూలోకం పరిగెత్తాడు.

"స్వామీ! ఇన్ని పెట్టినా వచ్చాయి. ఎలా వచ్చాయో తెలీడం లేదు. ఎందుకొచ్చాయో అసలే తెలీడం లేదు."

స్వామి లేచి షెడ్డుకి వచ్చారు. పని మానుకుని నరసమ్మ కూడా వచ్చింది.

స్వామి బానెట్టు మీది బొంతల కింద చెయ్యి పెట్టి చూశారు. "వెచ్చగా ఉంది," అన్నారు. తర్వాత తలుపు తీసి ముందు సీట్లో కూర్చుని, బొంతని కాళ్ళమీదికి లాక్కున్నారు. వినాయకుడి ముందు ఆ పొద్దుటే పెట్టిన పళ్ళెంలోంచి గుప్పెడు అటుకులు తీసి నోట్లో వేసుకున్నారు.

"బెల్లం మంచిది."

"అవును స్వామీ," అన్నాడు భూలోకం.

"గాలి రాదా?"

"రాదు స్వామీ. సందులన్నీ దూది పెట్టి మూశాను."

"ఎవరైనా వస్తారా?"

"షెడ్డు తాళం నా దగ్గరే ఉంది. మీ ధ్యానానికేనా స్వామీ?"

"పిల్లి ఉండాలే?"

"పంపేశాను."

స్వామి సీట్లో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు.

"అయితే మాఘ పున్నమి దాకా నేనిక్కడే ఉంటాను. తలుపు వేసి వెళ్ళు. రేపటినుంచి అటుకులు ఇంకో గుప్పెడు ఎక్కువ పెట్టు."

"మీకు కుటీరం ఉంది కదా స్వామీ!"

"అక్కడ ఇంత బాగుండదు."

నరసమ్మ పమిట నోట్లో కుక్కుకుంది. భూలోకం తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. దూది వంక చూశాడు. బొంతల వంక చూశాడు. పళ్ళెం వంక చాలాసేపు చూశాడు.

అప్పుడు బానెట్టు కిందనుంచి సన్నగా 'కిచ్' మని వినిపించింది.

బొంతలు తీసి బానెట్టు ఎత్తాడు. ఇంజను పక్కన దూదీ బొంత పీలికలూ కలిపి కట్టిన గుండ్రని గూడు. అందులో కళ్ళింకా తెరవని ఆరు గులాబీరంగు పిల్లలు. వాటి మీద తల్లి. అది పారిపోలేదు. భూలోకాన్నే చూస్తోంది.

"పురుడు ఎవరికి పోశావో తెలిసింది బాబూ," అంది నరసమ్మ.

భూలోకం చెయ్యి గూడు మీదికి వెళ్ళింది.

"బాలింత," అన్నారు స్వామి, కారు దిగుతూ. "ఇప్పుడు కదపకూడదు."

"ఎన్నాళ్ళు స్వామీ?"

"ఇరవయ్యొక్క రోజులు," నరసమ్మే చెప్పింది. "బారసాల కూడా నువ్వే సెయ్యాల."

ఆ ఇరవయ్యొక్క రోజులూ భూలోకం ఒక పీట వేసుకుని కారు ఎదురుగా కూర్చున్నాడు. తీగలు కాపలా కాయడానికనే అన్నాడు. కానీ తల్లి ఏ చక్రం పక్కనుంచి దిగుతుందో, ముందు ఏ పిల్ల కళ్ళు తెరిచిందో అడిగితే గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. అటుకుల పళ్ళాన్ని రోజుకి ఒక బార చొప్పున చేల వైపు జరిపాడు. అక్కడా తెల్లారేసరికి ఖాళీయే. దేవుడు ఆరగించాడని ఈసారి అనుకోలేదు. అనుకున్నా తప్పులేదు.

ఇరవైరెండోనాటికి గూడు ఖాళీ. ఒకే ఒక్క తీగ తొడుగు కొరికి ఉంటే నల్లటేపు చుట్టాడు. తర్వాత బొంతలు, దూది, పొగాకు, కలరా ఉండలు అన్నీ బయటికి మోశాడు. షెడ్డు తలుపులు తెరిచాడు. బానెట్టు ఎత్తి, కింద కర్ర ఊతం పెట్టి, అలాగే వదిలేశాడు.

ఎలుకలు రాకపోలేదు. ఒకటి బానెట్టు అంచుదాకా వచ్చి నిలబడింది. కొండగాలి వాసన చూసింది. ఇల్లు నచ్చని చుట్టంలా భూలోకం వంక ఒకసారి చూసి, దిగి వెళ్ళిపోయింది.

మాఘ పున్నమి వచ్చింది. గవరయ్యా వచ్చాడు. వెనకాల బావమరిది, తలంటుకుని, కొత్త చొక్కాలో.

స్వామి వెనక సీట్లో కూర్చున్నారు. భూలోకం తాళం తిప్పాడు. కారు ఒకసారి దగ్గింది. రెండోసారి ముసలాడిలా గొంతు సవరించుకుంది. మూడోసారికి అందుకుంది. బావమరిది మొహం ఎలా ఉందో నరసమ్మ ఇప్పటికీ చేసి చూపిస్తుంది.

గవరయ్య కిటికీలోకి వంగాడు.

"ఏం పెట్టావయ్యా?"

"ఏమీ పెట్టలేదండి."

"నాకు చెప్పవా? మా గోదాములోనూ ఎలుకలే."

"నిజంగా ఏమీ పెట్టలేదండి."

"చూశారా స్వామీ? మందు తెలుసు, చెప్పడు. గుట్టు దాస్తున్నాడు."

భూలోకం అద్దంలోంచి వెనక్కి చూశాడు. స్వామి గొంగళి సర్దుకున్నారు.

"పోనీ, భూలోకం," అన్నారు.