మైలెద్దు మోకాళ్లకు నక్క చేసిన పసుపు వైద్యం

ఇందులో ఒక్క మాట అబద్ధమైనా నా నోట్లో మిగిలిన రెండు పళ్లూ ఈ క్షణమే ఊడి నా ఒళ్లో పడాలి. మొన్నటిదాకా మూడుండేవి. ఆ మూడోది ఎలా పోయిందని అడక్కు, అది వేరే సంగతి. ఇది మాత్రం నిఖార్సయిన నిజం.

కృష్ణ ఒడ్డున లంకలో పానకాలుకి ఒక పసుపు కళ్లం ఉండేది. ఎంత కళ్లం అనుకున్నావు? ఈ చివర ఎగిరిన కాకి ఆ చివర వాలేసరికి దానికి మనవలు పుట్టేవారు. ఉడకబెట్టి ఆరబోసిన పసుపు కొమ్ముల్ని పీపాలో వేసి తిప్పుతుంటే లేచే దుమ్ముకి ఆ చుట్టుపక్కల తెల్లకొంగలన్నీ పచ్చగా అయిపోయి, ఇంటికి పోతే సొంత పెళ్లాలు గుర్తుపట్టక తరిమేసేవి.

కళ్లం పక్కనే కొట్టం. కొట్టంలో మైలెద్దు. ఇరవై ఏళ్లు బండి లాగింది. అది మోసిన బస్తాలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే చందమామకి రాసుకున్నాయి, ఆ మచ్చ ఇప్పటికీ ఉంది చూడు. అలాంటి ఎద్దుకి మోకాళ్లు పట్టేశాయి. లేవబోతే కీళ్లు పటపటమనే చప్పుడికి అవతలి ఒడ్డున ఆడవాళ్లు ఉరుమనుకుని ఆరేసిన బట్టలు తీసేసేవారు.

పానకాలు భార్య నాంచారమ్మ పన్నెండు రోజులుగా పొద్దున్నే ఆముదంలో పసుపు వెచ్చజేసి ఆ మోకాళ్లకు పట్టు వేస్తోంది. పైన ఆముదపాకు కట్టి, "లేవరా నాయనా, నాలుగడుగులు వెయ్యరా" అని బతిమాలుతోంది. ఎద్దు లేస్తేనా! పానకాలుకి ఆదివారం పొద్దున ఓపిక అయిపోయింది. కొట్టం గోడకి సున్నం వేస్తూ తేల్చి చెప్పేశాడు.

"ఇది రేపు సంత వేళకి తన కాళ్ల మీద నిలబడితే సరి. లేకపోతే బండెక్కించి అమ్మేస్తాను. నిలబడలేని ఎద్దుని సంతలో కొనేవాడు ఎందుకు కొంటాడో నాకు తెలుసు, దానికీ తెలుసు."

సగం గోడకి వేసి, సున్నం కుండ మూలన పెట్టి, భార్యాభర్తలు అన్నానికి వెళ్లారు.

ఆ మూలనే గంపలో ఎర్ర డేగ కోడిపెట్ట పదకొండు గుడ్లు పొదుగుతోంది. ఎద్దు కొండలా అడ్డం పడుకుని ఉంది కాబట్టి గంప దాకా ఎలక కూడా రాలేదు.

"విన్నావా చెల్లీ?" అంది ఎద్దు గుడ్లనీళ్లు కుక్కుకుంటూ. "ఈ పట్లూ పసుపులూ దండగ. పన్నెండు రోజులైంది, ఏం తగ్గింది?"

"లేచి చూశావా అన్నా?"

"లేస్తే నొప్పి పుడుతుందని లేవలేదు."

"చల్ల చిలక్కుండా వెన్న రాలేదని ఏడ్చిందట వెనకటికెవర్తో! లేవకుండా తగ్గిందో లేదో ఎలా తెలుస్తుందయ్యా?"

"నీకేం తల్లీ, కూర్చుని తినే ఉద్యోగం."

"కూర్చోవడం తేలికనుకున్నావా? పంతొమ్మిది రోజులైంది. ఒక్కనాడైనా గుడ్డు పగలగొట్టి, పిల్ల తయారైందా అని తొంగిచూశానా? మందుకైనా గుడ్డుకైనా వేడి తగలాలి, రోజులు గడవాలి."

ఎద్దు మూతి తిప్పుకుంది. సరిగ్గా అప్పుడే గడ్డివాము వెనక నుంచి ఒక నక్క వచ్చింది. మెడకి తిప్పతీగ, చెవిలో పసుపాకు, మొహంలో ఏడూళ్ల పెద్దరికం.

"ఎవరయ్యా ఇక్కడ మూలుగుతున్నది? నా పేరు గుర్నాథం. కీళ్ల వైద్యుణ్ణి. నిన్నగాక మొన్న ఒక ఏనుక్కి పట్టు వేశాను, సాయంత్రానికి తాడాట ఆడింది."

"కృష్ణ ఒడ్డున ఏనుగెక్కడిది?" అంది పెట్ట.

"నయమైపోయాక ఇంకా ఇక్కడెందుకుంటుందమ్మా? వెళ్లిపోయింది!"

ఎద్దు ముఖం విప్పారింది. "వైద్యుడు గారూ, నాకు రేపు పొద్దుటికి నయం కావాలి. నాంచారమ్మ వైద్యం పన్నెండు రోజులైనా తెమలలేదు."

"రేపు పొద్దుటిదాకా ఎందుకు? గడియ చాలు. అన్నం ఉడికేంతసేపు!"

నక్క పీపా కిందకి పరిగెత్తి పసుపు దుమ్ము దోసిళ్లతో ఎత్తి తెచ్చింది. దాని బతుకులో ఎప్పుడైనా పట్టు వేసిందా? ఎద్దు మోకాళ్లకి చిటికెడు అంటించి, తన నాలుగు కాళ్లకీ మోచేతుల దాకా పూసుకుంది. పైగా ఆవలిస్తూ మంత్రాలు.

"ఇప్పుడు ఆ పక్కకి దొర్లు. ఊఁ, ఇంకాస్త. ఈ గోనె తల మీద కప్పుకో. అసలు వైద్యం ఇప్పుడే ఉంది మైలయ్యా. ఇరవై ఏళ్ల నొప్పి ఒక్కసారే బయటికి పోతుందా, ఊరికే పోదు, అరుస్తూ పోతుంది. రకరకాల గొంతుల్తో. ఒక్కోసారి కోడిలా కూడా అరుస్తుంది."

"కోడిలానా?"

"అచ్చం కోడిలా. నువ్వు కదిలావో, పోతున్న నొప్పి వెనక్కి తిరిగొచ్చి నీ రెండు కళ్లలో కాపురం పెడుతుంది."

"కోడిలా అరిచే నొప్పిని నేనెక్కడా వినలేదు అన్నా!" అంది పెట్ట.

"నువ్వు నోరు ముయ్యి. రేపు బండెక్కేది నువ్వా నేనా?" అని ఎద్దు గోనె కప్పుకుంది.

కొండ తప్పుకుంది, దారి తెరుచుకుంది. నక్క నాలుకతో మూతి తుడుచుకుంటూ గంప వైపు తిరిగింది. పెట్ట ఆలోచించింది. తనకి రెక్కలున్నాయి, దూలమ్మీదికి ఎగరగలదు. గుడ్లకి రెక్కలు లేవే! పక్కన చూస్తే పానకాలు వదిలేసిన సున్నం కుండ. ఎదర చూస్తే మోచేతుల దాకా పసుపు పూసుకున్న నక్క. పసుపు కళ్లంలో పుట్టిన ఏ కోడిపిల్లనడుగు, ఎర్రనీళ్లు ఎలా చేస్తారో చెబుతుంది. నాంచారమ్మ పసుపు నీళ్లలో ఇంత సున్నం కలిపి వారం వారం ఇంటిల్లిపాదికీ దిష్టి తీస్తుంది. అడవిలో పెరిగిన నక్కకి ఎవరు దిష్టి తీశారు గనక తెలియడానికి?

పెట్ట గంప దిగి, రెండు కాళ్లతో కుండని ఎగదన్నింది. సున్నపు నీళ్లు నేలంతా పారాయి. ఎంత పారాయంటే, కృష్ణలో పడవలు రెండు దారి తప్పి కొట్టంలోకి రాబోయాయి.

"సున్నం పోస్తే జడుస్తాననుకున్నావా?" అని నక్క నవ్వుతూ ఆ మడుగులో నాలుగు కాళ్లూ పెట్టింది.

పెట్టీ పెట్టగానే కాళ్లు ఎర్రబడ్డాయి. చూస్తుండగా మోచేతుల దాకా ఎరుపు పాకింది. నక్క కిందకి చూసుకుంది.

"రక్తం! అమ్మో, నా రక్తం!" అని గబగబా నాకింది. సున్నం కదా, నాలుక చుర్రుమంది. "నాలిక్కూడా పోయిందే!"

"అయ్యో వైద్యుడు గారూ, మా అన్న నొప్పి మీ కాళ్లలోకి దూరింది! ఇంకెన్ని గడియలుంటారో, మీవాళ్లకి కబురు పంపమంటారా?" అంది పెట్ట.

గోనె కింద నుంచి ఎద్దు మురిసిపోయింది. "ఆహా! నొప్పి అరుస్తూ పోతోంది! మంచి గొంతు. అచ్చం వైద్యుడు గారి గొంతే."

నక్క ఏడుస్తూ ఒక్క క్షణం ఆగింది. పాపిష్టి బుద్ధి చూడు, చావులో కూడా కడుపే గుర్తొచ్చింది. "ఎలాగూ చస్తున్నాను. పదకొండు గుడ్లూ తినే చస్తాను!" అని గంప మీదికి దూకింది.

పెట్ట కెక్కరించిన కేకకి కళ్లంలో పీపా దానంతటదే మూడు చుట్లు తిరిగింది. ఎద్దు కదల్లేదు.

"ఇదిగో, కోడి గొంతు కూడా వచ్చేసింది. భలే వైద్యుడు!"

"ఒరే మైలన్నా! నొప్పి ఎక్కడైనా పేరు పెట్టి పిలుస్తుందా? నా పిల్లలురా!"

ఎద్దు చెవి నిక్కబొడుచుకుంది. నొప్పికి పిల్లలెక్కడివి? అంతే. మోకాళ్ల సంగతి మరిచిపోయి ఒక్క ఉదుటున లేచింది. తల మీద గోనె అలాగే ఉంది, గోనెలోంచి రెండు కొమ్ములు. ఆ రూపం తన మీదికి వస్తుంటే నక్క యమధర్మరాజే దున్ననెక్కకుండా దున్నలోకే దూరి వచ్చాడనుకుని, గుడ్డు ఒక్కటైనా ముట్టకుండా కిటికీలోంచి దూకింది. ఆ కొట్టానికి అంతకుముందు కిటికీ లేదు.

కేక విని భార్యాభర్తలు పరిగెత్తుకొచ్చారు. నాంచారమ్మ గోనె తీసింది.

"నిలబడ్డావురా నాయనా!"

అప్పుడు చూసుకుంది ఎద్దు. కాళ్లు వణికాయి గానీ మడత పడలేదు.

"నొప్పి పోయిందా అన్నా?" అంది పెట్ట, గుడ్లు లెక్కపెట్టుకుంటూ.

"ఎక్కడికి పోతుంది? ఉంది. కానీ పన్నెండు రోజుల కిందటి నొప్పి కాదు చెల్లీ. దీంతో నిలబడొచ్చు."

పానకాలు వెళ్లి పచ్చగడ్డి మోపు తెచ్చి ఎద్దు ముందు వేశాడు. సంత మాట మళ్లీ ఎత్తలేదు.

ఇక గుర్నాథం. అడవికి చేరేసరికి ఎండలో వాన మొదలైంది. ఎండావానా కలిస్తే కుక్కకీ నక్కకీ పెళ్లని తెలుసుగా? నక్కలన్నీ బయటికొచ్చి చూస్తే, గుర్నాథం కాళ్లు ఎర్రెర్రగా, మోచేతుల దాకా పారాణి!

"ఓహో, ఆ పెళ్లికూతురివి నువ్వేనా!" అంది ఒక ముసలి నక్క. "చెప్పాపెట్టకుండా ఏ కుక్క మెళ్లో పడ్డావే తల్లీ? మాకు బూరెలైనా పెట్టించవూ?"

ఎంత కడిగినా ఆ ఎరుపు పోలేదు. తొంభై ఏడేళ్లు ఉంది. గుర్నాథం అంతకాలం బతకలేదు, ఎరుపు మాత్రం ఉంది.

ఏళ్ల తరబడి పట్టిన నొప్పిని పూటలో లాగేస్తానన్నవాడి చూపు మన మోకాలి మీద ఉండదు, మన గంప మీద ఉంటుంది.

అదేంటి, ఇంకా కూర్చున్నావు? మబ్బేస్తోంది, మిద్దె మీద పసుపు కొమ్ములు ఆరబోసి వచ్చాను. మెట్లు నేనెక్కలేను. చాటంత చినుకులు పడేలోగా పరిగెత్తి ఎత్తుకురా, తడిశాయంటే నీదే పూచీ.