పీఠం మీద లేని పూలపారమ్మ

పూలపార రేవుకు వచ్చిన యాత్రికులు మొదట అడిగే ప్రశ్న ఒకటే: అమ్మవారు ఏరీ? గర్భగుడిలో నల్లరాతి పీఠం ఉంది, దీపం ఉంది, పసుపు కుంకుమలు ఉన్నాయి. విగ్రహం మాత్రం లేదు. పూజారి ఎక్కడో దాచాడేమోనని తలుపు సందులోంచి తొంగిచూసేవారూ లేకపోలేదు. ఆయన దేన్నీ దాచలేదు. అమ్మవారు ఎదుటి సముద్రంలో, ఒడ్డుకు కూతవేటు దూరాన, మూడు నిలువుల లోతున ఉన్నారు. ఎవరైనా అభిషేకానికని బిందెతో నీళ్ళు తెస్తే, ఆ నీళ్ళు వారి దోసిట్లోనే పోసి తాగమంటారు. అదేమి వింత అనుకునేవారు ఎల్లాజీ కథ వినాలి.

పూర్వం ఇక్కడ పాతిక గుడిసెల జాలరిపాలెం ఉండేది. వారికంటూ ఒక దేవత లేదు. పండగనాడు మెట్ట మీది ఊరి గుడికి వెళ్ళి, మెట్ల దిగువనే నిలబడి, ముందున్నవారి తలల మీదుగా హారతి వెలుగు చూసి వచ్చేవారు. చేపలు కావలసినప్పుడు ఆ ఊరివారు పాలెంలోకి నేరుగా వచ్చేవారు, అప్పుడు ఎవరికీ ఏ మెట్లూ గుర్తుకు వచ్చేవి కావు. ఎల్లాజీ అనే జాలరికి ఇది లోలోపల గుచ్చుకుంటూ ఉండేది. మన అమ్మ మనకుండాలని అతని కోరిక.

ఒకనాడు అతని తెప్ప లంగరు పారకు చిక్కుకుంది. పార అంటే సముద్రం అడుగున ఉండే రాతిగుట్ట. లంగరు విడిపించడానికి మునిగిన ఎల్లాజీకి అక్కడ పళ్ళెమంత రాయి ఒకటి కనిపించింది. దాని నిండా లేత పసుపు రంగు పూలు, చిటికెన వేలి గోరంతవి, విచ్చుకుని మెల్లగా కదులుతున్నాయి. వేలు తగలగానే అన్నీ ముడుచుకున్నాయి. ఊపిరి కోసం పైకి వచ్చి, కాసేపాగి మళ్ళీ మునిగాడు. పూలు ఎప్పటిలా విచ్చుకుని ఉన్నాయి. ఇది రాయా, మొక్కా, జీవమా? తేలక ఏడుసార్లు మునిగాడు, లంగరు సంగతే మరిచిపోయాడు. రాయి అయితే ముడుచుకోదు, మొక్క అయితే ఇంత గట్టిగా ఉండదు, కాబట్టి అమ్మే అయి ఉంటుందని చివరికి నిశ్చయించుకున్నాడు.

మర్నాడు గునపంతో ఆ రాతిని పెకలించి ఒడ్డుకు తెచ్చాడు. పాలెమంతా కదిలివచ్చింది. పీఠం కట్టి అమ్మను నిలిపారు. ఆ రోజుల్లో అక్కడ గుక్కెడు మంచినీళ్ళకు కోసెడు దూరం నడవాలి. ఆడవాళ్ళు తమ పిల్లల వంతు కూడా తగ్గించి, బిందెలకు బిందెలు తెచ్చి అమ్మకు పోశారు. తమకున్న వాటిలో శ్రేష్ఠమైనది అదే మరి.

మూడోనాటికి పూలు లేవు. నాలుగోనాటికి రాయి తెల్లగా, వెన్నెల ముద్దలా మారింది. అమ్మ తెల్లని రూపు దాల్చిందని పాలెం పొంగిపోయింది. ఆ మహిమ చూడటానికి మెట్ట ఊరివారు తరలివచ్చి, ఇసుకలో నిలబడి నమస్కరించారు. ఎల్లాజీ ఒక్కడే సంతోషించలేకపోయాడు. ఆ పూలు విచ్చుకోవడం చూసినవాడు అతనొక్కడే.

ఆ మధ్యాహ్నం తెప్ప నీడలో కునుకు తీస్తుండగా కలలో అమ్మ కనిపించి, "దాహంగా ఉందిరా" అంది.

"అన్ని బిందెలు పోసినాం గదమ్మా" అన్నాడు ఎల్లాజీ.

"అవి నీ గొంతుకు, నా గొంతుకు కాదు" అంది అమ్మ.

మెలకువ రాగానే ఎల్లాజీ లేచాడు. తిన్నగా కులపెద్ద అసిరయ్య దగ్గరకు వెళ్ళాడు.

"పెద్దయ్యా, అది మయిమ కాదు. అమ్మ సచ్చిపోనాది. తెచ్చినోన్ని నేనే, సంపినోన్ని నేనే."

అసిరయ్య ముఖం నల్లబడింది. "మెట్టూరోల్లు వచ్చి దణ్ణాలెడతన్నారు. ఇన్నాల్టికి మనకో అమ్మ దొరికినాది. నోరు మూసుకోని ఊరుకోరా."

"ఊరుకుంటాను. ముందు నాతో వచ్చి ఒక్కసారి సూడు."

అసిరయ్య నీళ్ళలో మునిగి చాలా ఏళ్ళయింది. అయినా వెళ్ళాడు. రాతిని పెకలించిన చోట అరచేతంత ముక్క ఒకటి పారను అంటిపెట్టుకుని మిగిలి ఉంది. దాని మీద పది పన్నెండు పూలున్నాయి. ముసలాయన వేలు చాపాడు, అవి ముడుచుకున్నాయి. పైకి వచ్చి తెప్ప పట్టుకుని చాలాసేపు రొప్పాడు. అతని కళ్ళలో నీళ్ళు ఉప్పునీళ్ళో, కన్నీళ్ళో ఎల్లాజీ అడగలేదు.

"మనం ఆయమ్మని మన గుడికి తేవడమేటిరా? మనవే ఆయమ్మ గుడికి ఎల్లాల. దానికి మెట్లు కూడా నేవు" అన్నాడు అసిరయ్య.

తెల్లరాతిని తీసుకెళ్ళి పార పక్కనే పడుకోబెట్టారు. పాలెం ఏడ్చింది. మెట్ట ఊరివారు నవ్వుకున్నారు, రావడం మానేశారు. ఎల్లాజీ మాత్రం బతికున్నన్నాళ్ళూ ఆ అరచేతంత ముక్కను చూడటానికి మునుగుతూనే ఉన్నాడు. అది మళ్ళీ పళ్ళెమంత కావడం అతను చూడలేదు. అతని మనవలు చూశారు.

నేటికీ ఆ పార మీద ఎవరూ లంగరు వేయరు, వల దించరు. చైత్ర పౌర్ణమి ఉదయం ఎల్లాజీ వంశంవారు ఒకరు మునిగి, పైకి వచ్చి, చూసింది చూసినట్టు చెప్పాలి. రేవులో వేలమంది ఆ మాట కోసమే నిలబడతారు. ఇప్పుడు ఆ బాధ్యత చిలకమ్మది. సముద్రం కాగిపోయిన మొన్నటి వేసవిలో ఆమె పైకి వచ్చి, "అమ్మ సగం తెల్లబడిపోనాది" అంది. మేళగాళ్ళు డోళ్ళు దించేశారు. సంబరం ఆగిపోయింది. ఆమెను ఎవరూ ఊరుకోమనలేదు.

ఈ ఏడు, "ఒక పక్క పూసినాది, ఒక పక్క ఇంకా నేదు" అని చెప్పింది. డోలు ఒక పక్కనే మోగించారు. మంచి కబురైనా చెడ్డ కబురైనా, ఆ మాట పూర్తయ్యేదాకా కదలకుండా నిలబడి విన్నవారందరికీ పూలపారమ్మ చల్లని దీవెన దక్కుతుంది.