కొంగల రేవు తవ్వనన్న తాబేలు

అనగనగా ఒక అడవి ఉండేది. ఎంత పెద్దదంటే, తూర్పు కొండ మీది ఎలుక పడమటి కొండ మీది చుట్టాలను చూద్దామని నడక మొదలుపెడితే దారిలోనే ముసలిదైపోయేది. అందుకని అక్కడి చిన్న జంతువులన్నీ పక్షుల మీద ఎక్కి తిరిగేవి.

దూరం వెళ్ళాలంటే గూడబాతులు. అవి ముక్కు కింది సంచిలో ప్రయాణికులను కూర్చోబెట్టుకునేవి. దారిలో ఎవరినీ మింగకూడదని కట్టుబాటు. దగ్గరి గుట్టలకు వెళ్ళాలంటే ఎర్రకాళ్ళ కొంగలు. అవి వీపు మీద మోసేవి. రెండు గుంపులూ అడవి నడుమ ఉన్న ఒక మడుగులో దిగేవి. ప్రయాణికులు అక్కడ ఒక పక్షిని దిగి ఇంకో పక్షిని ఎక్కేవారు.

ఆ మడుగు ఒక వైపు లోతు. గూడబాతులు బరువైన పక్షులు కదా, నీళ్ళ మీద చాలా దూరం పరుగెత్తితే కాని పైకి లేవలేవు. అవి లోతు వైపు దిగేవి. రెండో వైపు మోకాలి లోతు నీళ్ళు. కొంగలు ఈదే పక్షులు కావు, కాళ్ళు ఆనించి నిలబడాలి. అవి అటు దిగేవి. దాన్ని కొంగల రేవు అనేవారు.

ఆ మడుగుకు కాపలా నూకయ్య అనే ముసలి తాబేలు. ఒడ్డున పైడమ్మ అనే ఉడుత రేగుపళ్ళు పోసుకుని కూర్చునేది. ప్రయాణికులు తమ వెంట తెచ్చిన గింజలు ఇచ్చి పళ్ళు తినేవారు. ఆ గింజలతోనే పైడమ్మ పిల్లలు బతికేవి.

ఒకరోజు గూడబాతుల పెద్ద భూషణం మడుగులో దిగి రెక్కలు విదిలించింది.

"నూకయ్యా, విన్నావా? కొంగలూ మేమూ కలిసిపోయాం. ఇకనుంచి ఒకటే గుంపు. పెద్దను నేనే."

"మంచిదే" అంది తాబేలు.

"మంచిదో కాదో నీ చేతిలో ఉంది. గుంపు ఒకటయ్యాక రెండు మడుగులెందుకు? ఉత్తరాన మేం అప్పుడప్పుడు దిగే రాతిమడుగు ఉంది. ఇక్కడ నీది ఉంది. ఏదో ఒకటే ఉంచుకుంటాం. నేను చెప్పినట్టు చేస్తే నీ మడుగే! ఇప్పటికి రెండింతల పక్షులు దిగుతాయి."

రెండింతలనే మాట వినగానే ఒడ్డున పైడమ్మ తోక నిక్కబొడుచుకుంది.

భూషణం మొదట "తామర తీగలు కాళ్ళకు చుట్టుకుంటున్నాయి, పీకించు" అంది. తాబేలు పీకించింది.

తర్వాత "పొద్దున్నే చిలకలు మాకు అడ్డం వస్తున్నాయి, పంపేయి" అంది. చిలకలు కూడా ఆ ఒడ్డునే దిగేవి, కాని తలా ఒక చీమనో, గొల్లభామనో మాత్రమే మోసేవి. తాబేలుకు మనసొప్పలేదు. అయినా పంపేసింది.

"పెద్దవాళ్ళు దొరికారు, మేం పనికిరాకుండా పోయాం. చల్లగా ఉండు తాతా!" అని చిలకలు ఎగిరిపోయాయి.

మూడోసారి భూషణం ఇలా అంది. "కొంగల రేవు తవ్వించు. మడుగంతా లోతు కావాలి. అడవిపందులతో మాట్లాడే వచ్చాను."

"మరి కొంగలు ఎక్కడ దిగుతాయి?"

"ఇంకా కొంగలేమిటి? అందరం ఒకటేనని చెప్పానుగా!"

"గుంపులు కలిశాయి, సరే. కాళ్ళు కూడా కలిశాయా?" అంది తాబేలు. "వాటి కాళ్ళు వాటివే. నీ కాళ్ళు నీవే. నేను తవ్వను."

"అయితే మేం రాతిమడుగుకు పోతాం."

"పోండి. రేవు మాత్రం తవ్వను."

మరునాడు ఒక్క గూడబాతూ దిగలేదు. కొంగలనూ భూషణం అటే పిలుచుకుపోయింది. రేగుపళ్ళు ఒడ్డునే కుళ్ళిపోయాయి.

"నీ పంతంతో నీకు కడుపు నిండుతుందేమో తాతా, నా పిల్లలకు నిండదు" అంది పైడమ్మ.

అడవిపందులు వచ్చాయి. "ఒక్క మాట అను, సాయంత్రానికల్లా తవ్వేస్తాం."

"ముక్కు దురదగా ఉంటే గుట్ట మీద దుంపలు తవ్వుకోండి" అంది తాబేలు.

పైకి అలా అంది కాని దానికీ భయంగానే ఉంది. రోజూ తల బయటికి చాచి ఆకాశం చూసేది. పైడమ్మ పిల్లల ఏడుపు వినలేక, చివరికి చిలకలున్న చెట్టు దాకా పాక్కుంటూ వెళ్ళింది.

"మిమ్మల్ని పంపేసి తప్పు చేశాను. రండమ్మా."

"ఏం తాతా, పెద్దవాళ్ళు మొహం చాటేశారా?" అని చిలకలు పకపకా నవ్వాయి. నవ్వినా, వచ్చాయి. చీమ తెచ్చే గింజ ఎంతని? అయినా ఆ పూటకు పిల్లల ఏడుపు ఆగింది.

ఒక సాయంత్రం ఆకాశంలో ఎర్రని కాళ్ళు కనిపించాయి. కొంగల పెద్ద కాంతమ్మ మడుగు చుట్టూ తిరుగుతూ అరిచింది.

"తాతా! రేవు ఉందా, తవ్వేశావా?"

"దిగి చూసుకో!"

కాంతమ్మ భయంభయంగా ఒక కాలు దించింది. బురద తగిలింది. రెండో కాలూ దించింది. మెడ వంచి పెద్దగా ఊపిరి వదిలింది.

"ఉంది! రండర్రా, రేవు ఉంది!"

కొంగలన్నీ దిగాయి. వాటిలో ఒకదాని వీపు మీది ఎలుక తడిసి ముద్దై వణుకుతోంది.

"అక్కడ కాలు ఆనే చోటే లేదు తాతా" అంది కాంతమ్మ. "గాల్లో ఉండగానే మా వీపు మీంచి వాళ్ళ సంచిలోకి దూకమన్నారు. దూకిన ఎలుక నీళ్ళలో పడింది. మునిగిపోయేదే, ఎలాగో తీశాం. ఇక అక్కడికి మేం రామని భూషణానికి చెప్పేశాం."

పైడమ్మ ఒక్క పరుగున పోయి మంచి పళ్ళు ఏరుకొచ్చింది. "తినండి, తినండి. గింజలు రేపు ఇద్దురు గాని."

మరునాడు భూషణం వచ్చి లోతు నీళ్ళలో మెల్లగా దిగింది. కొంగలు లేకపోతే దాని సంచిలోకి ప్రయాణికులెక్కడి నుంచి వస్తారు?

"ఆ రాతిమడుగు నీళ్ళు మరీ చల్లన" అంది ఎటో చూస్తూ.

"ఇక్కడివి వెచ్చగానే ఉన్నాయి, ఉండు" అంది తాబేలు. "కాకపోతే పొద్దున్నే ముందు చిలకలు లేస్తాయి. తర్వాతే నువ్వు."

భూషణం చిలకల వంక చూసింది. చిలకలు దాని వంక చూశాయి. "సరేలే" అంది భూషణం.

పైడమ్మ అనుకున్నట్టు రెండింతల పక్షులు రాలేదు. కాని వచ్చేవి మాత్రం మానలేదు. వేసవి తిరిగేసరికి కొత్తగా గువ్వలు కూడా దిగసాగాయి. పీకేసిన తామరలు వాటంతట అవే మళ్ళీ మొలిచాయి.

భూషణం తిరిగొచ్చిన ఆ రాత్రి నూకయ్య ఆకాశం చూడలేదు. తల డిప్పలోకి లాక్కుని, పొద్దెక్కేదాకా హాయిగా నిద్రపోయింది.

నీతి: పెద్దవారొక్కరి మెప్పు కోసం, పదిమంది కాలు మోపే చోటును పోగొట్టుకోకూడదు.