చీపురుపుల్లల వంతెన

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే ఊరు కాదులే కన్నా, గోదావరి మధ్యన ఒక లంక. అక్కడ నూకరాజని పడవ నడిపేవాడు ఉండేవాడు. ఒడ్డుకి వెళ్ళాలంటే అందరికీ అతని పడవే దిక్కు. అతనికి ఒక్కతే కూతురు, తాయారు. ఏడో తరగతి. ఎంత గారాబమో చెప్పలేను.

ఆ తాయారుకి వంతెనల పిచ్చి పట్టింది. మొదట బంకమట్టితో కట్టింది, ఎండకి బీటలు వారింది. ఆ తర్వాత వెదురు బద్దలతో కట్టింది, దాని నడుం వంగిపోయింది. అప్పుడు చీపురుపుల్లల్ని ముక్కోణాలుగా పేర్చి, దారం చుట్టి, మూరెడు వంతెన చేసింది. దాని మీద నిండు చెంబు పెట్టినా కదిలితే ఒట్టు!

బళ్ళో మాస్టారు పొంగిపోయారు. "నూకరాజూ, పట్నంలో సైన్సు పోటీకి తీసుకెళ్ళు. ఈ పిల్లని ఇంజినీరు చదివించాలయ్యా" అన్నారు.

సరేనని మర్నాడు కూతుర్ని పడవ ఎక్కించాడు. తాయారు వంతెనని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సగం దూరం వెళ్ళాక పడవలోవాళ్ళు ఎగతాళి మొదలెట్టారు.

"నీ కూతురు వంతెన కట్టేస్తే నీ పడవ ఎవడెక్కుతాడోయ్?"

అందరూ నవ్వారు. నూకరాజు మాత్రం నవ్వలేదు. పడవ పోతే ఈ పిల్లకి తిండెలా పెట్టాలి అనుకున్నాడు. చూడు మరి, ప్రేమతోనే ఎంత పాడు పని చేశాడో! వంతెన లాక్కుని గోదాట్లో పడేశాడు.

అది మునగలేదు. తేలుతూ తేలుతూ పోయింది. తాయారు ఏడవలేదు. కనుమరుగయ్యేదాకా చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఒక్క పుల్ల ముట్టుకోలేదు, దేని గురించీ ఎందుకని అడగలేదు. ఇల్లు మూగబోయింది. నూకరాజుకి తన తప్పు తెలిసింది, చెప్పడానికి నోరు పెగల్లేదు.

ఏళ్ళు గడిచాయి. గోదావరి మీద నిజం వంతెన రానే వచ్చింది. ఎవరో పరాయి ఊళ్ళ పిల్లలు ఇంజినీర్లయి వచ్చి కట్టారు. పడవ ఒడ్డున బోర్లా పడింది. అప్పుడు ముసలి నూకరాజు తాయారుతో, మనవరాలు లహరితో కలిసి ఆ వంతెన మీద నడిచాడు.

"ఇది నువ్వు కట్టాల్సింది తల్లీ. నేనే చెడగొట్టాను" అన్నాడు.

"నాకవేం గుర్తులేవు నాన్నా" అంది తాయారు.

అప్పుడు లహరి తలెత్తి ఇనప కమ్మీల్ని చూసింది. "తాతా, ఇన్ని ముక్కోణాలెందుకు?"

"మీ అమ్మనడుగు. మీ అమ్మకి తెలుసు" అన్నాడు.

తాయారు వంతెన దిగి, ఒడ్డున మూడు పుల్లలు ఏరింది. "ఇలా రా" అని కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకుంది.

నూకరాజు మాత్రం గోదావరి వైపే చూస్తూ ఉండిపోయాడు, ఆ చీపురుపుల్లల వంతెన ఇంకా ఎక్కడైనా తేలుతోందేమోనని.

చీపురుపుల్లల వంతెనెక్కి కథ కంచికి పోయె,
అడగాల్సినవి రేపడుగు, మనకిక నిద్దరాయె.