మూడు బళ్ళ మగపెళ్ళివారు

బొంతలపాలెంలో తెలివంటే గవరయ్య ఇంటిదే. ఈ మాట ఊళ్ళో ఎవరూ అనేవారు కాదు, గవరయ్యే అనేవాడు. తమ్ముడు సింహాద్రి అవునంటూ తలూపేవాడు. ఆఖరివాడు ఎర్రన్న మాత్రం లెక్కల్లో కాస్త వెనకబడ్డాడని ఇద్దరూ జాలిపడేవారు. ఆ ఇంటి తెలివి చూసి ఎవరూ పిల్లనివ్వలేదు. పెద్దవాళ్ళిద్దరూ పెళ్ళి ఆశ వదులుకున్నారు. ఎర్రన్నకీ ముప్ఫై దాటాక, చింతలగొంది పైడమ్మ అతన్ని చేసుకుంటానంది. ఎర్రన్నకి కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

పెళ్ళిరోజు తెల్లారగానే బుగ్గన చుక్క పెట్టించుకుని తయారైపోయాడు. ముహూర్తం మిట్టమధ్యాహ్నం. చింతలగొంది పన్నెండు మైళ్ళు. ఎడ్లబండి గంటకి నాలుగు మైళ్ళు పోతుంది. గవరయ్య అరుగు మీద బొగ్గుతో గీతలు గీసి, బండికి మూడు గంటలు పడుతుందని తేల్చాడు. అంతవరకు లెక్క సరిగ్గానే ఉంది. అక్కడితో ఆగితే బాగుండేది.

“మన చేను ఒక్కడు కోస్తే మూడు రోజులు పట్టేది, ముగ్గురం కోస్తే ఒక్కరోజులో అయిపోయింది కదరా,” అన్నాడు. “ఒక బండికి మూడు గంటలైతే మూడు బళ్ళకి గంటే.”

సింహాద్రి అన్న కాళ్ళకి దణ్ణం పెట్టినంత పని చేశాడు. ఇంకేముంది, మూడు బళ్ళు కట్టించి, ముహూర్తానికి గంట ముందు దాకా సున్నుండలు తింటూ కూర్చున్నారు. ఆలస్యమవుతుందేమో అన్నందుకు, పెళ్ళికూతురు తలంటుకోకముందే పోయి కూర్చుంటావా అని ఎర్రన్నని కోప్పడ్డారు.

బయల్దేరిన గంటకి నాలుగు మైళ్ళే అయ్యాయి. బళ్ళు కలిసికట్టుగా పనిచేయడం లేదని సింహాద్రి కనిపెట్టాడు. అంతే, మూడింటినీ తాళ్ళతో ఒకదాని వెనక ఒకటి కట్టారు. దాంతో ఏ ఎద్దు ఆగినా అన్నీ ఆగసాగాయి.

ఇంతలో పెద్ద పల్లం వచ్చింది. బళ్ళు జారాయి. వేగం పెరిగింది, ఇంకా పెరిగింది, ఎర్రన్న తలపాగా ఎగిరిపోయింది. చదును నేలకి రాగానే మళ్ళీ పాత నడకే. గవరయ్య ఆలోచనలో పడ్డాడు. దిగితే వేగం పెరగడం కళ్ళారా చూశాం కాబట్టి, ఎన్నిసార్లు దిగితే అంత వేగం పోగవుతుందన్నాడు. బళ్ళు వెనక్కి తిప్పి మిట్ట ఎక్కించి దిగారు. మళ్ళీ ఎక్కారు, మళ్ళీ దిగారు. ఎడ్లు నురగలు కక్కాయి. పీటల మీద పైడమ్మ ఒక్కతే కూర్చుని ఉంటుందని తలుచుకుని ఎర్రన్నకి ఏడుపొచ్చింది.

పొద్దు వాలుతుండగా చింతలగొంది పొలిమేర చేరారు. మేళంతో, పానకం బిందెలతో పైడమ్మ తండ్రి ఇంకా ఎదురుకోలుకి నిలబడే ఉన్నాడు. మంచివాడు, పల్లెత్తు మాట అనలేదు. మధ్యాహ్నం ముహూర్తం దాటిపోయిందనీ, గంటలో మరొకటి ఉందనీ, అదీ తప్పితే ఈ సంబంధం లేనట్టేననీ చెప్పాడు. పందిరి ఎదురుగానే ఉంది. అందులోంచి పైడమ్మ తొంగిచూస్తోంది.

గంట అనగానే ఎర్రన్న అన్నల వంక చూడకుండా, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి సొంతంగా లెక్క వేశాడు. ముందు బండి పగ్గాలు లాక్కున్నాడు.

“మావయ్యా, పిల్లని పీటల మీదే ఉంచండి. మూడు బళ్ళతో పొద్దంతా పట్టింది, గంటలో రావడం వీటివల్ల అయ్యే పని కాదు,” అన్నాడు ఎడ్లని ఇంటిదారి పట్టిస్తూ. “వెళ్ళి ఇంకో పాతిక బళ్ళు కట్టుకుని చిటికెలో వచ్చేస్తాం.”

తమ్ముడికి ఇన్నాళ్ళకి ఇంటి తెలివి అబ్బిందని గవరయ్య కళ్ళు తుడుచుకున్నాడు.