కరక్కాయ పట్టించని గుడ్డ

చెంగయ్యగారి దగ్గర కలంకారీ నేర్చుకునే శిష్యులు ఏదైనా ప్రశ్న వేస్తే ఆయన మాటలతో జవాబు చెప్పేవారు కాదు. వీలు చూసి, అడిగినవాడి చేతికే ఓ పని అప్పగించేవారు.

ఆయన శిష్యుల్లో మునిశేఖర్‌ది మంచి చెయ్యి. ఆ సంగతి అతనికి కాస్త ఎక్కువగానే తెలుసు. గుడికి పెద్ద తెర గీసే పని మొదటిసారి అతని పేరు మీదే వచ్చింది. అంతకు కొన్నాళ్ల ముందే, తాతనాటి కొండవాలులోని చెట్లన్నీ బొగ్గు కాల్చేవాళ్లకు అమ్మేశాడు. అవేం చెట్లో చూడ్డానికైనా వెళ్లలేదు. ఆ మాట విని గురువుగారు మొహం చిన్నబుచ్చుకుంటే, అతనికి కోపం వచ్చింది.

"అడివి మనకేం పెడతా ఉండాది గురువుగారూ? మన కూడు మన చేతిలో ఉండాది గదా?"

చెంగయ్యగారు తన గీత మీదికి వంగారు.

తెర మొదలుపెట్టాల్సిన రోజు, ఏటా కరక్కాయలు తెచ్చే పోలమ్మ ఖాళీ గంపతో వచ్చి అరుగు కింద నిలబడింది. కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానిన గుడ్డ మీదే కలం గీత నల్లగా నిలుస్తుంది.

"ఈ యేడు కాయ లేదు సామీ. కొండవాలు చెట్లు ఎవురో నరికించేసినారు. ముందే వచ్చి చెప్పకపోవడం నాదే తప్పు."

"అంగట్లో తెస్తాను," అన్నాడు మునిశేఖర్ నేల చూస్తూ.

"అంగడికి ఏసేదీ నేనే నాయనా."

గురువుగారు నానబెట్టని తెల్లగుడ్డ ఒకటి పరిచి, మునిశేఖర్‌కు కలం అందించారు. "అమ్మవారి మొహం గియ్యి."

"పచ్చి గుడ్డ మీదనా?"

"చెయ్యి ఉండాది గదా."

తోటి శిష్యులు చుట్టూ చేరారు. బెల్లమూ పాత ఇనుమూ ఊరబెట్టిన నీళ్లలో కలం ముంచి, కనుబొమ్మ గీశాడు. అది నల్లబడలేదు. తుప్పు మరకై కంట్లోకీ, చెంప మీదికీ పాకింది. రెండో కనుబొమ్మకు చెయ్యి లేవలేదు.

పోలమ్మ అతన్ని ఓదార్చబోయింది. "బాధపడొద్దు నాయనా. నీ చెయ్యి మంచిదే. మా కాయే లేకపోయె."

ఆమె తిట్టినా బాగుండేది. అతను సిగ్గుతో చితికిపోయాడు. "నరికించింది నేనే అవ్వా," అన్నాడు.

ఆమె ఖాళీ గంప చంకన పెట్టుకుని వెళ్లిపోయింది. మునిశేఖర్ ఆ గుడ్డను ఉతికేద్దామని లాక్కోబోతే, గురువుగారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఉండనీ. నీ చెయ్యి ఒక్కటే చేసిన పని ఇంతవరకూ ఇదొక్కటే."